మీ ఊరే మీ అర్హత

పత్రికకు వ్యాసం రాయాలని ఉన్న కుర్రవాళ్లను, అమ్మాయిలను కదిలించి చూడండి. చాలామంది నోట ఒకే మాట వస్తుంది: "నా పేరు ఎవరికీ తెలియదు. నేను రాస్తే ఎవరు వేసుకుంటారు?" కథ రాయడానికి ఊహ ఉంటే చాలని, కవితకు ఆవేశం ఉంటే చాలని, వ్యాసానికి మాత్రం పెద్ద చదువో పెద్ద హోదానో ఉండాలని ఒక భయం మనలో పాతుకుపోయింది. ఆ భయం వల్ల తెలుగులో రావలసిన మంచి వ్యాసాలు ఎన్నో పుట్టకుండానే పోతున్నాయి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీరు దేనికి దగ్గరగా ఉన్నారో అదే మీ అర్హత. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్న ఎడిటర్‌కి ఢిల్లీ వార్తలు తెలుస్తాయి, అమెరికా ఎన్నికలు తెలుస్తాయి. మీ వీధి చివర మగ్గం ఎందుకు ఆగిపోయిందో తెలిసే దారి ఆయనకు లేదు. ఆ దారి మీరే. అయితే దగ్గర ఉన్నంత మాత్రాన సరిపోదు. చూసిన దాన్ని ప్రశ్నగా మార్చాలి, జవాబు కోసం తిరగాలి, దొరికింది ఎడిటర్‌కి నమ్మకం కలిగేలా చెప్పాలి. ఈ మూడూ నేర్చుకుంటే వచ్చే పనులే.

మన దగ్గర ఈ సంప్రదాయం పాతదే. ఏనుగుల వీరాస్వామి పేరుమోసిన కవి కాదు, పండితుడిగా గద్దెలెక్కినవాడూ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగి. 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఏ మజిలీ నుంచి ఏ మజిలీకి ఎంత దూరం, దారి ఎలాంటిది, ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, ఎక్కడ జనం ఎలా బతుకుతున్నారు అని చూసింది చూసినట్టు రాసిపెట్టుకుని, స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి పంపుతూ వచ్చాడు. పిళ్లె దాన్ని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. ఆనాటి దేశం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈనాటికీ చరిత్రకారులు ఆ పుస్తకం తెరుస్తారు. వీరాస్వామికి ఆ స్థానం తెచ్చిపెట్టింది అలంకారాలు కావు. ఆయన అక్కడ ఉన్నాడు, శ్రద్ధగా చూశాడు, వెంటనే రాసుకున్నాడు.

విషయాన్ని ప్రశ్నగా మార్చండి

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. విషయం దొరకగానే వ్యాసం దొరికిందనుకుంటారు. "మా ఊరి చెరువు" అనేది విషయం. దాని మీద రాయమంటే నూటికి తొంభై మంది చెరువుల ప్రాముఖ్యంతో మొదలుపెట్టి, కాకతీయుల మీదుగా వెళ్లి, చెరువులను కాపాడుకోవాలనే పిలుపుతో ముగిస్తారు. అందులో తప్పేమీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఏ ఊరి పేరు పెట్టినా సరిపోయే వ్యాసం అది. ఎడిటర్ మొదటి పేరా దాటడు.

ఇప్పుడు అదే చెరువు కట్ట మీద నిలబడి ప్రశ్నలు వేసుకోండి. చెరువు నిండి మత్తడి దూకిన ఏడాది నీళ్లు ముందు ఎవరి మడికి పారాలో తేల్చేది ఎవరు? నీళ్లు తగ్గాక శిఖం భూమిలో దోస, పుచ్చ వేసుకునేవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? చేపల పాట డబ్బు ఎక్కడికి పోతుంది? తూము ఎత్తేది ఎవరు?

చివరి ప్రశ్నను ఇంకొంచెం తవ్వుదాం. తెలంగాణ పల్లెల్లో తూము తెరిచి మూసే పని తరతరాలుగా నీరటికాడిది. ఏ మడికి ఎంత తడి కావాలో, ఎప్పుడు తూము బిగించాలో ఆయనకు తెలుసు. తర్వాతి కాలంలో నీరటికాళ్ల వంటి గ్రామ సేవకులు వీఆర్‌ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) అయ్యారు. మరోవైపు 2015లో మిషన్ కాకతీయ పథకం మొదలైంది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల్లో పూడిక తీసి, కట్టలు, తూములు బాగుచేయాలన్నది లక్ష్యం. 2023లో ప్రభుత్వం వీఆర్‌ఏ వ్యవస్థను రద్దు చేసి, ఆ ఉద్యోగులను వేరే వేరే శాఖల్లో సర్దుబాటు చేసింది. కాబట్టి ఇప్పుడు మీ ప్రశ్న ఇది: కట్ట గట్టిపడింది, తూముకు కొత్త షట్టర్ వచ్చింది, మరి ఆ షట్టర్ తిప్పే మనిషి ఎవరు?

ఇది వ్యాసం. దీనికి జవాబు ఎడిటర్‌కి తెలియదు. బహుశా మీకూ తెలియదు. తెలుసుకోవడానికి మాత్రం మీకు సైకిల్ చాలు.

మీ ప్రశ్న సరైనదో కాదో చూసుకోవడానికి మూడు పరీక్షలు పెట్టుకోండి.

మొదటిది: జవాబు చెప్పగల మనుషులను మీరు స్వయంగా కలవగలరా? కలవలేకపోతే ప్రశ్నను ఇంకా దగ్గరికి లాగండి. రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఊరికి, ఊరి నుంచి ఒక్క తూముకు.

రెండోది: జవాబు మీకు ముందే తెలుసా? తెలిస్తే మీరు రాయబోయేది ఉపన్యాసం. తిరిగిన తర్వాత మీ అభిప్రాయం మారే అవకాశం ఉన్నప్పుడే వ్యాసం బతుకుతుంది. నీరటికాడు లేక నీళ్లు వృథా అవుతున్నాయని మీరు అనుకుని వెళ్లవచ్చు. అక్కడికి వెళ్లాక రైతులే వంతులు వేసుకుని బాగా నడుపుకుంటున్నారని తేలవచ్చు. లేదా బోర్లు వచ్చాక తూముతో పనే లేదని తేలవచ్చు. ఏది తేలినా అదే మీ వ్యాసం.

మూడోది: ఈ ఊరితో సంబంధం లేని పాఠకుడు దీన్ని ఎందుకు చదవాలి? తూము సంగతి ఒక ఊరిదే కావచ్చు. ఊరుమ్మడి పనిని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న అందరిదీ.

చెరువు లేని ఊరివాళ్లు నిరాశపడనక్కర్లేదు. పలాసలో ఉంటే, జీడిపిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది కదా, రోజంతా పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులను ఎలా కాపాడుకుంటున్నారని అడగండి. జగిత్యాల దగ్గర ఉంటే, గల్ఫ్ నుంచి తిరిగొచ్చేసిన వాళ్లు మళ్లీ ఊళ్లో ఏ పనిలో కుదురుకున్నారో కనుక్కోండి. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటే, మీ మెస్‌లో వండే మనిషి ఏ ఊరి నుంచి వచ్చారో, రోజుకు ఎన్ని గంటలు పొయ్యి దగ్గర నిలబడతారో తెలుసుకోండి. డల్లాస్‌లో పెరిగినవారైతే, వారాంతం తెలుగు బడికి వెళ్లే పిల్లలు అమ్మమ్మతో ఫోన్లో ఏయే మాటలు తెలుగులో అనగలుగుతున్నారో, ఎక్కడ ఇంగ్లిష్‌లోకి జారుతున్నారో గమనించండి. దేనికీ దగ్గర లేనివారంటూ ఎవరూ లేరు.

పత్రికను ఎడిటర్ కళ్లతో చదవండి

ప్రశ్న కుదిరాక అది ఏ పత్రికకు సరిపోతుందో చూడాలి. దిన పత్రికల ఆదివారం పుస్తకాల్లో ఎక్కువ భాగం సొంత సిబ్బందే రాస్తారు. ఎడిట్ పేజీల్లో బయటివారి వ్యాసాలకు చోటుంటుంది గానీ అక్కడ తాజా సందర్భం, గట్టి వాదన కావాలి. వార, మాస పత్రికలు ఒక్కోటి ఒక్కో పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని నడుస్తాయి. పిల్లలకు సైన్సు చెప్పాలనుకుంటే జన విజ్ఞాన వేదిక ప్రచురించే 'చెకుముకి' వంటి పత్రిక ఉంది. సాహిత్యం, భాష, సంగీతం మీద లోతుగా రాయాలనుకుంటే 1998 నుంచి వస్తున్న 'ఈమాట' వంటి వెబ్ పత్రికలున్నాయి. పల్లె బతుకుల మీద రాసేవారికి పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 2014లో ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా ఉంది. దాని విద్యా విభాగం విద్యార్థులు రాసిన కథనాలను కూడా ప్రచురిస్తుంది.

మీరు పంపాలనుకున్న పత్రిక పాత సంచికలు కొన్ని ముందేసుకోండి. మీకు నచ్చిన మూడు వ్యాసాలు తీసుకుని పెన్సిల్‌తో కూర్చోండి. మొత్తం ఎన్ని పదాలున్నాయో లెక్కపెట్టండి. మొదటి పేరాలో రచయిత ఏం చేశాడు, మనిషిని చూపించాడా, లెక్క చెప్పాడా, ప్రశ్న వేశాడా? ఎంతమంది మాటలు ఉటంకించాడు? గణాంకాలు ఎక్కడ పెట్టాడు? ఎక్కడ ముగించాడు? ఇలా మూడు వ్యాసాలు విప్పి చూస్తే ఆ పత్రిక ఎలాంటి రచన కోరుతుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అందులోనే ఈ మధ్య చెరువుల మీద పెద్ద వ్యాసం వచ్చి ఉంటే, మీరు చెప్పేది దానికంటే ఎలా వేరో ముందే ఆలోచించుకోండి. మీ ఉత్తరంలో ఆ సంగతి ప్రస్తావిస్తే, మీరు పత్రిక చదివే రాస్తున్నారని ఎడిటర్‌కి అర్థమవుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. సంక్రాంతి, ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికల పని చాలా ముందుగా మొదలవుతుంది. తూము వ్యాసం వానాకాలం నాట్లకు ముందు వస్తే దానికి బలం. దాన్ని జూన్‌లో చదివించాలంటే ఉత్తరం ఎండాకాలం మొదట్లోనే వెళ్లాలి.

మనుషులు, చోటు, కాగితం

వ్యాసానికి సరుకు మూడు చోట్ల దొరుకుతుంది.

మొదట మనుషులు. ఒకరితో మాట్లాడితే అది ఒకరి అభిప్రాయం. తూము సంగతికి కనీసం నలుగురైదుగురు కావాలి: నీరటి పని చేసిన కుటుంబం, తూము పక్కనే పొలం ఉన్న రైతు, ఆయకట్టు చివర పొలం ఉన్న రైతు, ఊరి పంచాయతీవాళ్లు, నీటిపారుదల శాఖ ఉద్యోగి. తూము పక్క రైతు "నీళ్లకేం కొదవ లేదు" అంటాడు. చివరి మడి రైతు దగ్గరికి వెళ్తే కథ మారిపోతుంది. ఎప్పుడూ ఆయకట్టు చివరి దాకా నడవండి. నిజం తరచుగా అక్కడే ఎదురుచూస్తుంటుంది.

వెళ్లగానే పుస్తకం తీయకండి. మీరెవరో, ఎందుకు అడుగుతున్నారో, ఏ పత్రికకు రాయాలనుకుంటున్నారో ముందే చెప్పండి. పేరు వేయవచ్చా, ఫోటో తీయవచ్చా అని అడగండి. వద్దంటే మానేయండి. ఫోన్లో రికార్డు చేసేముందు కూడా అడగాలి. మన ఊళ్లలో ఇలాంటి పనులు కులంతో, పాత వెట్టితో ముడిపడి ఉంటాయి. ఆ గాయాన్ని ముచ్చటగా చెప్పించి రాసుకుని వచ్చేయడం మర్యాద కాదు. ఆ మనిషి తన గురించి ఏది చెప్పదలచుకున్నాడో దానికి చోటివ్వండి. వయసులో పెద్దవారిని మీ ఇంట్లో పెద్దవారిని పిలిచినట్టే తాతా, పెద్దమ్మా, బాపూ అని పిలవండి. వారి మాట మధ్యలో అందుకోకండి.

"అప్పట్లో బాగుండేది" అని ఎవరైనా అంటే అక్కడితో వదిలేయకండి. ఏ ఏడాది? ఎన్ని ఎకరాలు పారేది? నీరటికి కూలి ఎలా ముట్టేది, వడ్లా, డబ్బా, ఇనాం భూమా? కల్లం దగ్గర ఎన్ని కుంచాలు కొలిచేవారు? ఇలాంటి చిన్న ప్రశ్నలే వ్యాసానికి ప్రాణం. మనుషులు అడిగినవారికే చెబుతారు.

తర్వాత చోటు. కట్ట మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవండి. షట్టర్ తుప్పు పట్టిందా, గ్రీజు పెట్టి ఉందా? తాళం ఉందా, తాళంచెవి ఎవరింట్లో ఉంది? కాలువలో పారుతున్నది నీళ్లా, చెత్తా? చూసినవన్నీ అక్కడే రాసుకోండి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే సగం పోతుంది, మిగిలిన సగం మీ ఊహతో కలిసిపోతుంది.

ఆ తర్వాత కాగితం. కొత్త రచయితలు ఎక్కువగా వదిలేసేది ఇదే, మిమ్మల్ని పదిమందిలో వేరుగా నిలబెట్టేదీ ఇదే. 2011 జనగణనలో భాగంగా వెలువడిన జిల్లా హ్యాండ్‌బుక్‌లలో ప్రతి ఊరి జనాభా, సాగు భూమి, నీటి వసతి వివరాలు ఉన్నాయి. అవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ కార్యాలయం దగ్గర ఉన్న సమాచారం కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద తెలుగులోనే దరఖాస్తు రాయవచ్చు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "మా చెరువుకు ఎంత ఖర్చు చేశారు, తూము నిర్వహణ బాధ్యత ఎవరికి అప్పగించారు" అని రెండు ముక్కల్లో అడిగితే వచ్చే జవాబు, జవాబు రాకపోతే ఆ రాకపోవడం, రెండూ వ్యాసంలో భాగమే.

పాత సంగతులకు గ్రంథాలయాలు ఉన్నాయి. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం, హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఇలాంటి చోట్ల పాత పుస్తకాలు, పత్రికలు దొరుకుతాయి. రెండు శతాబ్దాల కిందట కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి తోటివారు ఊరూరా చరిత్ర సేకరించారు. కరణాలను, పెద్దలను అడిగి రాయించిన ఆ కైఫీయతుల్లో చెరువులు, ఆలయాలు, పన్నుల ముచ్చట్లు ఉన్నాయి. కోస్తా, రాయలసీమ ఊళ్లవాళ్లు తమ ఊరి కైఫీయతు ఉందేమో వెతకాలి. ఊరి గురించి వ్యాసం రాసేవాడికి వారికి మించిన పూర్వీకులు లేరు.

కాగితం విలువ ఏమిటో సురవరం ప్రతాపరెడ్డి చూపించారు. తెలంగాణలో కవులు లేరన్న మాట వినపడినప్పుడు ఆయన కోపంతో నాలుగు పేజీలు రాసి ఊరుకోలేదు. కవుల వివరాలు, రచనలు సేకరించి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఆ సంచిక తర్వాత వాదన అవసరం లేకపోయింది. మీ వ్యాసంలో కూడా ఆవేశం ఉన్నచోట ఆధారం పెట్టి చూడండి. మీ గొంతు పెంచకుండానే మాట బలపడుతుంది.

ఎడిటర్‌కి ఉత్తరం

చిన్న వ్యాసమైతే పూర్తిగా రాసే పంపండి. తెలుగు పత్రికల్లో ఎక్కువగా నడిచే పద్ధతి అదే. పెద్ద కథనమైతే, తిరగడానికి నెల పట్టేదైతే, ముందు ఒక ప్రతిపాదన పంపి ఆసక్తి ఉందో లేదో కనుక్కోవడం మంచిది. ఇంగ్లిష్ పత్రికలవాళ్లు పిచ్ అనేది దీన్నే. ఒక పేజీ దాటకూడదు. ఎడిటర్ మనసులో మెదిలే ప్రశ్నలు అయిదు: ఏమిటి, ఎందుకు ఇప్పుడే, ఎవరితో మాట్లాడారు, ఎంత ఉంటుంది, మీరెవరు? వాటికి జవాబు దొరికితే ఉత్తరం పని పూర్తయినట్టే. ఒక నమూనా చూడండి.

"సంపాదకులకు నమస్కారం.

మా ఊరి చెరువు తూముకు కొత్త షట్టర్ బిగించారు. దాన్ని తిప్పే నీరటికాడు మాత్రం ఇప్పుడు వేరే శాఖలో ఉద్యోగి. నాట్ల సమయంలో నీళ్లు ఎవరు వదలాలి, ఎవరికి ముందు వదలాలి అన్నది ప్రతి ఏడూ కొత్తగా తేల్చుకోవలసి వస్తోంది. వీఆర్‌ఏ వ్యవస్థ రద్దయ్యాక చిన్న చెరువుల కింద నీటి పంపకం ఎలా జరుగుతోందో మా ఊరితో పాటు చుట్టుపక్కల మరో రెండు ఊళ్లు చూసి రాయాలనుకుంటున్నాను.

ఇప్పటికే మూడు తరాలుగా నీరటి పని చేసిన కుటుంబంతో, ఆయకట్టు మొదట్లో, చివర్లో ఉన్న రైతులతో మాట్లాడాను. తూము నిర్వహణ బాధ్యతపై సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. నీటిపారుదల శాఖ వివరణ కూడా తీసుకుంటాను. వ్యాసం 1200 పదాలు ఉంటుంది. నేనే తీసిన ఫోటోలు, అందులోని వారి అనుమతితో, జతచేస్తాను. మే మొదటి వారానికి ఇవ్వగలను.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మాకు ఇదే చెరువు కింద రెండెకరాలుంది. నాకు కొంత పక్షపాతం ఉండే వీలుంది కాబట్టి, మరో రెండు ఊళ్లను కూడా ఎంచుకున్నాను. ఇది ఇంకే పత్రికకూ పంపలేదు."

ఈ ఉత్తరంలో "నేను చిన్నవాణ్ణి, దయచేసి అవకాశం ఇవ్వండి" అన్న బతిమాలుడు లేదు. "ఇది పాఠకులను కదిలించే అద్భుతమైన కథనం" అన్న గొప్పా లేదు. చేసిన పని ఉంది. చేయబోయే పని ఉంది. సొంత రెండెకరాల సంగతి దాచకుండా చెప్పడం వల్ల నమ్మకం పెరిగింది. కొత్తవాడు ఎడిటర్‌కి ఇవ్వగల పెద్ద హామీ ఇదే: ఇప్పటికే కొంత దూరం నడిచాను, మిగతాది నడవగలను.

మెయిల్ అయితే సబ్జెక్ట్ గడిలో వ్యాస ప్రతిపాదన అని, పక్కనే మీ ప్రశ్నను ఏడెనిమిది మాటల్లో రాయండి. ఒకే ప్రతిపాదనను ఒకేసారి నాలుగు పత్రికలకు పంపకండి. ఇద్దరు ఒప్పుకుంటే ఇద్దరి దగ్గరా మాట పోతుంది.

రాసేటప్పుడు

మొదటి పేరాలోనే పాఠకుణ్ణి తూము దగ్గరికి తీసుకెళ్లండి. చరిత్ర, విధానం, గణాంకాలు ఆ తర్వాత. ఒక పేరాలో రెండుకు మించి అంకెలు పెట్టకండి. ప్రతి అంకె పక్కన అది ఎవరి బతుకులో ఎలా కనిపిస్తుందో చెప్పండి.

మనుషుల మాటలను వారి యాసలోనే రాయండి. వాటిని పుస్తక భాషలోకి సరిదిద్దితే మనిషి మాయమైపోతాడు. అలాగని యాసను వినోదంగా వాడకండి. మత్తడి, శిఖం, మడి, కుంచం వంటి మాటలు మీ ఊరి ఆస్తి. కోస్తా పాఠకుడికి మత్తడి తెలియకపోతే వాక్యంలోనే అర్థమయ్యేలా రాయండి: చెరువు నిండి మత్తడి మీదుగా నీళ్లు దూకినప్పుడు అంటే చాలు.

పత్రికా భాషలో పేరుకుపోయిన మాటలను ఏరి పారేయండి. "నేటి ఆధునిక సమాజంలో", "ఎంతైనా అవసరం ఉంది", "ప్రభుత్వం తగు చర్యలు చేపట్టాలి" అన్న వాక్యాలు కొట్టేసి చూడండి, వ్యాసానికి నష్టమేమీ ఉండదు. సరళంగా రాస్తే లోతు పోతుందన్న భయమూ వద్దు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980 దాకా 'చందమామ' సంపాదకత్వ బాధ్యత చూశారు. పిల్లలకు అర్థమయ్యే తెలుగును ఏళ్ల తరబడి చెక్కిన ఆ చేతితోనే సైన్సు, సినిమా, చరిత్ర, రాజకీయాల మీద పెద్దలకు వ్యాసాలు రాశారు.

ఇంటర్నెట్‌లో దొరికిన పేరాలను అతికించడం, కృత్రిమ మేధ యాప్‌తో వ్యాసం రాయించి పేరు పెట్టుకోవడం ఈ మధ్య మామూలైపోయింది. అలా చేస్తే మీ ఏకైక అర్హతను మీరే వదులుకున్నట్టు. తాళంచెవి ఎవరింట్లో ఉందో ఏ యాప్‌కీ తెలియదు.

రాశాక బయటికి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం విరవండి. ఆ తర్వాత ప్రతి పేరుకు, ప్రతి అంకెకు, ప్రతి తేదీకి పక్కన టిక్కు పెట్టండి: ఇది నాకు ఎలా తెలుసు? జవాబు లేనిదాన్ని తీసేయండి, లేదా మళ్లీ ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరినైనా తప్పుపడుతూ రాసి ఉంటే వారి వివరణ అడగకుండా పంపకండి.

పంపడం, ఎదురుచూడటం

యూనికోడ్ తెలుగులో టైపు చేసి వర్డ్ ఫైలుగా పంపండి. పత్రికా కార్యాలయాల్లో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లతో పేజీలు పెడతారు. మార్పిడిలో ఒత్తులు చెదురుతుంటాయి, కాబట్టి సరిచూసుకోవడానికి పీడీఎఫ్ కూడా జతచేయండి. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపవద్దు. ఫోటోలను కుదించకుండా విడిగా జతచేసి, ఒక్కోదాని కింద ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాయండి. ఇది మీ సొంత రచన అని, అనువాదమో అనుకరణో కాదని, మరెక్కడా ప్రచురణ కాలేదని, పరిశీలనలో లేదని హామీపత్రం జతచేయడం తెలుగు పత్రికల్లో ఆనవాయితీ. పూర్తి చిరునామా, ఫోన్ నంబరు మరిచిపోవద్దు.

పారితోషికం గురించి అడగడం తప్పు కాదు. వ్యాసం అంగీకరించాక, "పారితోషికం ఎంత, ఎప్పుడు అందుతుంది?" అని మర్యాదగా అడగండి. కొన్ని పత్రికలు ఇస్తాయి, కొన్ని ఇవ్వలేవు. ఇవ్వని పత్రికకు ఇష్టపడి రాయవచ్చు, కానీ తెలిసి రాయండి. పుస్తకంగా వేసుకునే హక్కు మీకు ఉంటుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

నెల గడిచినా జవాబు రాకపోతే గుర్తుచేస్తూ రెండు వాక్యాలు రాసి పంపండి. ఆ తర్వాత కూడా మౌనమే అయితే, "మరో పత్రికకు పంపుతున్నాను" అని తెలియజేసి పంపేయండి. తిరిగొచ్చిన వ్యాసం పనికిరానిదని అర్థం కాదు. ఆ సంచికలో చోటు లేకపోవచ్చు, అలాంటిదే ఇంకొకటి ముందే వచ్చి ఉండవచ్చు. కారణం రాస్తే మాత్రం దాన్ని శ్రద్ధగా తీసుకోండి. పనిలో మునిగిన ఎడిటర్ మీకోసం కేటాయించిన సమయం అది.

వ్యాసం అచ్చయ్యాక ఒక పని మిగిలి ఉంటుంది. ఆ పత్రిక తీసుకుని, మీతో మాట్లాడినవారి దగ్గరికి వెళ్లి చదివి వినిపించండి. తప్పు ఉంటే వాళ్లే చెబుతారు, దాన్ని పత్రికకు తెలియజేసి సవరణ వేయించండి. రాసి మాయమైపోయేవారిని ఊళ్లు చాలా చూశాయి. తిరిగొచ్చేవారికి తర్వాతి వ్యాసం ఆ గుమ్మంలోనే దొరుకుతుంది.

ఈ నెల మీరు చేయవలసిన పని

మొదటి వారం: ఇంటికి మైలు దూరంలో మీకు జవాబు తెలియని ప్రశ్నలు పది రాయండి. మూడు పరీక్షలు పెట్టి ఒకటి ఎంచుకోండి. ఒక పత్రికను ఎంచుకుని అందులోని మూడు వ్యాసాలు విప్పి చూడండి.

రెండో వారం: ముగ్గురితో మాట్లాడండి. అందులో ఒకరు మీ అభిప్రాయంతో ఏకీభవించని వారై ఉండాలి. చోటును రెండుసార్లు చూడండి.

మూడో వారం: ఒక కాగితం సంపాదించండి. అది గ్రంథాలయంలోని పాత పుస్తకం కావచ్చు, జనగణన పట్టిక కావచ్చు, మీరు పెట్టిన సమాచార హక్కు దరఖాస్తు రసీదు కావచ్చు.

నాలుగో వారం: అయిదు ప్రశ్నలకు జవాబిచ్చే ఒక పేజీ ఉత్తరం రాసి, మీ ప్రశ్న తెలియని స్నేహితుడికి చూపించండి. చదివాక అతను "అయితే చివరికి ఏం తేలింది?" అని అడిగితే ఉత్తరం సిద్ధమైనట్టే. అదే రోజు ఎడిటర్‌కి పంపండి. జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, మిగిలిన తొమ్మిది ప్రశ్నల్లో ఒకదాన్ని తీసుకుని బయలుదేరండి.